కూడు పెట్టారు, వాటా ఇవ్వలేదు

వికలాంగుల చరిత్ర గురించి మాట వస్తే మొదట వినిపించే పేరు స్పార్టా. పుట్టిన బిడ్డను ఊరి పెద్దలు పరీక్షించేవారనీ, అవయవలోపం కనిపిస్తే టైగెటస్ కొండ దగ్గర లోయలో వదిలేసేవారనీ కథ. దీన్ని రాసిన ప్లూటార్క్ క్రీస్తుశకం మొదటి, రెండో శతాబ్దాల మనిషి. తాను వర్ణించిన కాలానికి కొన్ని వందల ఏళ్ల తర్వాత పుట్టినవాడు. స్పార్టా రాజు అజెసిలాస్ జీవితం రాసింది కూడా ఆయనే. అజెసిలాస్‌కు ఒక కాలు అవిటిది. కుంటి రాజ్యం కీడు తెస్తుందని జోస్యం ఉందంటూ ప్రత్యర్థులు అడ్డుపడ్డా అతను గద్దెనెక్కి దాదాపు నలభై ఏళ్లు ఏలాడు.

ఈ విషయంలో మనకు రెండు కథలు అలవాటైపోయాయి. పూర్వం మనుషులు క్రూరులు, మనం దయగలవాళ్లమయ్యాం అనేది ఒకటి. పూర్వం ఉమ్మడి కుటుంబాలు అందర్నీ కడుపులో పెట్టుకున్నాయి, ఇప్పుడే మనసులు బండబారాయి అనేది రెండోది. తవ్వకాల్లో దొరికిన ఎముకలు, ధర్మశాస్త్రాలు, కోర్టు కాగితాలు చూస్తే రెండూ నిలబడవు. దయ అన్ని కాలాల్లోనూ ఎంతో కొంత ఉంది. క్రూరత్వం అతి ఘోరంగా బయటపడింది ఇరవయ్యో శతాబ్దంలో, అదీ చదువుకున్న డాక్టర్ల చేతుల్లో. అన్ని కాలాల్లోనూ కొనసాగింది మరొకటి ఉంది. వికలాంగుడికి తిండి పెట్టిన సమాజమే అతని బతుకు మీద నిర్ణయాన్ని మాత్రం ఇతరుల చేతిలో ఉంచింది.

వియత్నాంలోని మాన్ బాక్‌లో సుమారు నాలుగు వేల ఏళ్ల నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులోని యువకుడికి మెడ ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని ఉన్నాయి. కౌమారం నుంచి కాళ్లు పూర్తిగా చచ్చుబడ్డాయి, చేతులు కూడా పెద్దగా ఆడేవి కావు. అయినా ఆ స్థితిలో పదేళ్ల దాకా బతికాడని ఎముకలు పరిశీలించిన లోర్నా టిల్లీ, మార్క్ ఆక్సన్‌హామ్ తేల్చారు. అంటే ఎవరో రోజూ తినిపించారు, కడిగారు, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టారు. లోహం ఎరగని, చేపలు పట్టి, వేటాడి బతికే ఊరు అది. ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన నియాండర్తల్ మనిషిదీ ఇలాంటి కథే. కుడిచెయ్యి మోచేతి నుంచి లేదు, ఒక కన్ను బహుశా కనిపించేది కాదు, చెవులు సరిగా వినిపించేవి కావు. అయినా ఆ కాలానికి ముసలివాడనదగ్గ వయసు దాకా బతికాడు. పనికిరానివాణ్ని వదిలెయ్యడమే ప్రకృతి ధర్మం అని వాదించే వాళ్లు ముందు ఈ ఎముకలకు సమాధానం చెప్పాలి.

రాతలు మొదలయ్యాక కథ చిక్కుపడుతుంది. ఏథెన్స్‌లో పనిచెయ్యలేని పేద పౌరుడికి ప్రభుత్వం రోజుభత్యం ఇచ్చేది. మొదట ఒక ఒబోల్, అరిస్టాటిల్ కాలానికి రెండు. పనివాడి రోజుకూలీ సుమారు ఆరు ఒబోళ్లున్న చోట అది గంజినీళ్లకు సరిపోయే సొమ్ము. అర్హులెవరో ఏటా ఐదువందల మంది సభ ముందు తేలేది. అలాంటి ఒక విచారణ కోసం లిసియాస్ అనే వక్త రాసిచ్చిన ప్రసంగం అదృష్టవశాత్తూ నేటికీ మిగిలింది. రెండు కర్రల మీద నడిచే ఒక చిన్న దుకాణదారు మీద పొరుగువాడు ఫిర్యాదు చేశాడు. ఇతను గుర్రమెక్కి తిరుగుతున్నాడు, వ్యాపారం ఉంది, డబ్బున్నవాళ్లతో స్నేహం ఉంది, భత్యం ఎందుకని. ఆ మనిషి ఓపిగ్గా జవాబిస్తాడు. దూరం నడవలేకే గుర్రమెక్కుతున్నాననీ, అదీ అరువు గుర్రమేననీ, డబ్బే ఉంటే మెత్తటి జీనుతో కంచరగాడిదను కొనుక్కునేవాణ్ననీ అంటాడు. చివర ఒక ప్రశ్న వేస్తాడు: నాకే లోపమూ లేదని మీరు తేలిస్తే, నగరాన్ని ఏలే తొమ్మిదిమంది ఆర్కాన్‌ల పదవికి చీటీ వెయ్యకుండా నన్ను ఆపేదెవరు?

రెండువేల నాలుగువందల ఏళ్ల కిందటి ఈ మాట చదువుతుంటే వైకల్యం శాతం తేల్చే మన సదరం శిబిరాలే కళ్లముందు మెదులుతాయి. పల్లె నుంచి బస్సులో కొడుకును ఎత్తుకొచ్చిన తల్లి, 40 శాతం వేస్తారో 38 వేస్తారో అన్న భయం, మూడుచక్రాల బండి నడుపుకుంటూ తిరుగుతాడుగా వీడికి పింఛనెందుకనే ఊరివాళ్ల గుసగుస. కాస్త కదిలితే మోసగాడంటారు, కదలకపోతే పనికిరానివాడంటారు. ఆ దుకాణదారు చివరి ప్రశ్నలో ఇంకొక సంగతి దాగి ఉంది. భత్యం పుచ్చుకునే మనిషికి ఏలే పదవిలో చోటు లేదన్నది అక్కడ అందరికీ తెలిసిన విషయం. వికలాంగ శిశువును పెంచకూడదని చట్టం చెయ్యాలని ‘రాజనీతి’లో రాసిన అరిస్టాటిల్ కూడా అదే నగరంలో పాఠాలు చెప్పాడు.

మన దగ్గరా ఈ రెండు పాయలూ పక్కపక్కనే పారాయి. పిల్లలు, ముసలివాళ్లు, రోగులు, దిక్కులేనివాళ్ల పోషణ రాజు బాధ్యతని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. ఒంటికన్నువాణ్ని, కుంటివాణ్ని ఆ పేరుతో వెక్కిరిస్తే, అది నిజమైనా మూడు పణాల జరిమానా, అబద్ధమైతే ఆరు. కళ్లు ఎంత అందంగా ఉన్నాయో అని పొగడ్త ముసుగులో ఎగతాళి చేస్తే పన్నెండు. పైకి పొగుడుతూ లోపల పొడవడమే ఎక్కువ నేరమని గుర్తించిన ఆ సూక్ష్మత నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. నత్తినీ, మెల్లకన్నునూ, కుంటి నడకనూ నవ్వుల సరుకుగా వాడుకున్న మన సినిమాల దశాబ్దాలు గుర్తొస్తే ఆ గౌరవం ఇంకా పెరుగుతుంది. తెరమీద వికలాంగులను చూపే తీరుపై సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది 2024 జులైలోనే. చైనా యాత్రికుడు ఫాహియాన్ అయిదో శతాబ్దం మొదట్లో పాటలీపుత్రంలో చూసిన వైద్యశాలల గురించి రాస్తూ, అవిటివాళ్లూ అనాథలూ అక్కడికొచ్చి ఉచితంగా తిండీ మందులూ పొందేవారని చెప్పాడు.

ఇక మనుధర్మశాస్త్రం తొమ్మిదో అధ్యాయం తియ్యండి. నపుంసకుడికి, పుట్టుగుడ్డికి, చెవిటివాడికి, పిచ్చివాడికి, మూగవాడికి, అవయవం లేనివాడికి తండ్రి ఆస్తిలో వాటా లేదు. ఆ వెంటనే మరో శ్లోకం: వాళ్లకు శక్తికొద్దీ కూడూ గుడ్డా ఇవ్వాలి, ఇవ్వనివాడు పతితుడు. వాళ్లకు పుట్టిన కొడుకులో లోపం లేకపోతే వాటా అతనికి వెళ్తుంది. తాత పొలం మనవడికి చేరుతుంది, మధ్యలో ఉన్న మనిషికి విస్తరి మాత్రమే. యాజ్ఞవల్క్య స్మృతిలోనూ, దానికి కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరలోనూ ఇదే నియమం. మన తెలుగు ప్రాంతాలతో సహా దేశంలో చాలా భాగం ఆ మితాక్షరనే నమ్ముకుంది. బ్రిటిష్ కోర్టులు దాన్నే హిందూ న్యాయంగా అమలుచేశాయి. పెద్దవాడైనా అంధుడు కాబట్టి ధృతరాష్ట్రుణ్ని పక్కన పెట్టి పాండురాజుకు పట్టం కట్టిన కథ మన ఇళ్లలో వెయ్యేళ్లుగా చెప్పుకుంటున్నాం. ఆ నిర్ణయం న్యాయమా అన్న ప్రశ్న ఆ కథలో ఎంత పెద్దదో మనం అంతగా ఆగి ఆలోచించలేదు. 1928లో వచ్చిన చట్టం చాలామందికి ఆ అనర్హతను తీసేసింది, పుట్టుకతో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను మాత్రం బయటే ఉంచింది. వాళ్లకూ వాటా దక్కింది 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌తో. రాజ్యాంగం వచ్చి అప్పటికి ఆరేళ్లు.

మధ్యయుగాల మీద ఎక్కువసేపు ఆగను. మతాలు దానధర్మాన్ని పుణ్యంగా చెప్పాయి, భిక్షగాణ్ని ఆ పుణ్యానికి దారిగా చేశాయి. ప్యారిస్‌లో తొమ్మిదో లూయీ 1260 ప్రాంతంలో మూడువందల మంది అంధులకు ఆశ్రయం కట్టించాడు. బాగ్దాద్, డమాస్కస్, కైరో ఆస్పత్రుల్లో మానసిక రోగులకు ప్రత్యేక గదులుండేవి. ఒక్క ఊరి గురించి మాత్రం చెప్పాలి. బెల్జియంలోని గీల్‌లో డింఫ్నా అనే సాధ్వి గుడికి మతిచెడినవాళ్లను మొక్కు తీర్చుకోవడానికి తీసుకొచ్చేవారు. గుడిలో చోటు చాలక ఊరివాళ్లు వాళ్లను ఇళ్లలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ అలవాటు ఏడెనిమిది వందల ఏళ్లుగా సాగుతోంది. పొలం పనిలో, వంటింట్లో, పిల్లల్ని ఆడించడంలో వాళ్లకూ ఒక పని ఉండేది. 1930ల చివరికి ఆ చిన్న ఊళ్లో 3,700 మందికి పైగా ఇలా కుటుంబాల్లో ఉన్నారు. ఇప్పుడు ఆ సంఖ్య బాగా పడిపోయింది గానీ ఆనవాయితీ ఆగలేదు. అలాగే మొక్కుతో మొదలైన మన తమిళనాడు ఎర్వాడిలో దర్గా చుట్టూ ప్రైవేటు షెడ్లు వెలిశాయి. 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. నమ్మకం రెండుచోట్లా ఒకటే. గీల్‌లో ఆ మనిషి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు, ఎర్వాడిలో గుంజకు కట్టబడ్డాడు.

పద్దెనిమిదో శతాబ్దపు ప్యారిస్‌లో చదువు తలుపు తెరుచుకుంది. ఆబే ద లెపే బధిరులకు, వాలంటీన్ ఆయీ అంధులకు బడులు పెట్టారు. ఆయీ బడిలోనే లూయీ బ్రెయిలీ చేరాడు. మూడేళ్ల వయసులో తండ్రి తోలుపని కొట్టంలో పనిముట్టు గుచ్చుకుని చూపు పోగొట్టుకున్న పిల్లవాడు. బార్బియే అనే ఆయన తయారుచేసిన చుక్కల పద్ధతిని ఆరు చుక్కలకు కుదించి 1829లో అచ్చువేశాడు. పిల్లలు దాన్ని అందిపుచ్చుకున్నారు. చూపున్న ఉపాధ్యాయులకు నచ్చలేదు, ఎందుకంటే అది వాళ్ల కళ్లకు అక్షరాల్లా కనిపించదు. బడి అధికారి ఒకరు దాన్ని నిషేధించారు కూడా. 1852లో బ్రెయిలీ చనిపోయిన రెండేళ్లకు గానీ ఆ బడి తన విద్యార్థి లిపిని అధికారికంగా ఒప్పుకోలేదు. 1951లో రూపొందిన భారతీ బ్రెయిలీతో ఆ ఆరు చుక్కలే మన తెలుగు అక్షరాలకూ దక్కాయి.

బధిరులకు జరిగింది ఇంకా దారుణం. 1880లో ఇటలీలోని మిలాన్‌లో వాళ్ల చదువు గురించి మహాసభ జరిగింది. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. చేతులతో మాట్లాడే భాష వద్దు, పెదవులు చదివి గొంతుతో మాట్లాడటమే నేర్పాలని తీర్మానించారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అనేక దేశాల బడుల్లో సైగ చేసిన పిల్లల చేతులు కట్టేశారు, కొట్టారు. బధిర ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. ఈ తీర్మానం చేసినవాళ్లు దుర్మార్గులు కారు. చాలామంది ఆ పిల్లల కోసమే జీవితం ధారపోసిన అయ్యవార్లు, మతాచార్యులు. పిల్లలకు మంచి చేస్తున్నామనే నమ్మారు. అందుకే ఈ చరిత్రలో మిలాన్ అంటే నాకు స్పార్టా కన్నా ఎక్కువ భయం. ఆ తీర్మానాలకు విచారం ప్రకటించింది 2010లో, కెనడాలోని వాంకూవర్ సభలో. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాషకు పరిశోధన కేంద్రం ఏర్పడింది 2015లో.

ఆ తర్వాత విజ్ఞానం పేరుతో వచ్చింది పీడకల. ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో యూజెనిక్స్ అని పేరుపెట్టిన సిద్ధాంతం ప్రకారం మంచి సంతానం పెరగాలి, చెడు సంతానం ఆగాలి. ఏది మంచో చెడో తేల్చేది పెద్దమనుషులు. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు చట్టం చేసింది. 1927లో వర్జీనియాకు చెందిన క్యారీ బక్ అనే యువతి కేసులో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో అలాంటి చట్టాన్ని సమర్థించింది. మందబుద్ధి అని ముద్రవేసిన ఆమెకు నిజంగా ఆ లోపం లేదు. అత్యాచారం వల్ల గర్భవతి అయిన పేదపిల్ల, అంతే. ఆమె కూతురు బడిలో మంచి మార్కులు తెచ్చుకుని, ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది. అమెరికాలో ఇలా 60 వేల మందికి పైగా, స్వీడన్‌లో 1970ల దాకా సుమారు 63 వేల మందికి ఆపరేషన్లు చేశారు. జపాన్ చట్టం 1948 నుంచి 1996 దాకా నడిచి పాతిక వేల మందికి ఇలాంటి ఆపరేషన్లు చేయించింది. అది రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది 2024 జులై 3న.

జర్మనీ అమెరికా నమూనా చట్టాన్ని చూసి 1933లో తన చట్టం రాసుకుంది. సుమారు నాలుగు లక్షల మందికి పిల్లలు పుట్టకుండా చేసింది. అక్కడితో ఆగలేదు. బడిపిల్లల లెక్కల పుస్తకాల్లో ఒక వికలాంగుడి పోషణకయ్యే ఖర్చుతో ఎన్ని ఇళ్లు కట్టవచ్చో లెక్కకట్టమన్నారు. రెండో ప్రపంచయుద్ధం మొదలైన రోజు తేదీ వేసి హిట్లర్ సంతకం చేసిన ఉత్తర్వుతో హత్యలు మొదలయ్యాయి. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు భవనం దాని కార్యాలయం. ఆస్పత్రులకు ఫారాలు వెళ్లేవి: రోగం ఏమిటి, ఎంతకాలంగా ఉన్నాడు, పని చెయ్యగలడా. ముగ్గురు డాక్టర్లు రోగి ముఖం చూడకుండానే ఆ కాగితం మీద ఎర్ర ప్లస్ గుర్తో నీలి మైనస్ గుర్తో పెట్టేవారు. ఎరుపు పడితే బూడిద రంగు బస్సు వచ్చి తీసుకెళ్లేది. ఆరు కేంద్రాల్లో 1941 ఆగస్టు నాటికి 70,273 మందిని గ్యాస్‌తో చంపినట్టు వాళ్ల లెక్కల్లోనే ఉంది. హడమార్ కేంద్రంలో పదివేలవ శవాన్ని కాల్చినప్పుడు సిబ్బందికి బీరు పంచారు. మున్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ 1941 ఆగస్టు 3న బహిరంగంగా ఖండించాక గ్యాస్ గదులు ఆపారు. ఆస్పత్రుల్లో ఆకలితో మాడ్చి, మందులిచ్చి చంపడం మాత్రం కొనసాగించారు. మొత్తం మృతులు రెండు నుంచి మూడు లక్షలని చరిత్రకారుల అంచనా. ఇక్కడ చేయి తిరిగిన సిబ్బందే తర్వాత ట్రెబ్లింకా, సోబిబోర్‌లకు వెళ్లారు. యూదుల మారణహోమానికి తొలి అభ్యాసం వికలాంగుల మీద జరిగిందన్న సంగతి మన చరిత్ర పాఠాల్లో దాదాపు కనిపించదు. బెర్లిన్‌లో ఆ వీధి చిరునామా దగ్గర స్మారకం వెలిసింది కూడా 2014లోనే.

మలుపు తిప్పింది వికలాంగులే. పద్నాలుగేళ్లకు పోలియో వచ్చి మెడ కిందంతా చచ్చుబడ్డ ఎడ్ రాబర్ట్స్‌ను, ఇతను ఎప్పటికీ ఉద్యోగం చెయ్యలేడని కాలిఫోర్నియా పునరావాస శాఖ తేల్చేసింది. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరి, ఊపిరి ఆడించే ఇనుప యంత్రంతో ఆస్పత్రి వార్డులోనే ఉంటూ చదువుకున్నాడు. 1972లో స్నేహితులతో కలిసి, సహాయకుణ్ని ఎంచుకోవడం దగ్గర్నుంచి ఇల్లు వెతుక్కోవడం దాకా వికలాంగులే నడుపుకునే కేంద్రం పెట్టాడు. 1975లో తనను పనికిరానివాడన్న ఆ శాఖకే అధిపతి అయ్యాడు. 1977 ఏప్రిల్‌లో జూడీ హ్యూమన్ తదితరుల నాయకత్వంలో వందమందికి పైగా వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలో దాదాపు నెలరోజులు బైఠాయించారు. నల్లజాతి ఉద్యమకారులైన బ్లాక్ పాంథర్లు రోజూ వేడి అన్నం తెచ్చిపెట్టారు. వికలాంగుల హక్కులకు చట్టం ఉన్నా దాని నిబంధనలు రాయకుండా తాత్సారం చేస్తున్న ప్రభుత్వం చివరికి సంతకం పెట్టింది. బ్రిటన్‌లో పాల్ హంట్, విక్ ఫింకెల్‌స్టీన్ వంటివాళ్లు 1976లో ఒక పత్రం రాశారు. ఒంట్లోని లోపం వేరు, మెట్లూ బడులూ ఉద్యోగాలూ కట్టిన తీరు వల్ల వచ్చే అడ్డంకి వేరు అని అందులో తేల్చారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో ఆ ఆలోచనే పునాది. మన దేశం 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది.

మనదేశంలో లెక్కలోకి రావడమే ఒక పోరాటం. బ్రిటిష్ జనగణన అంధుల్ని, బధిరుల్ని, కుష్ఠురోగుల్ని లెక్కపెట్టేది. 1941 నుంచి ఆ ప్రశ్న పోయింది. ఒక్క 1981లో తప్ప మళ్లీ కనిపించలేదు. వికలాంగ హక్కుల ఉద్యమకారుడు జావేద్ అబీదీ తదితరుల ఒత్తిడితో 2001లో తిరిగి చేరింది. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా. జనాభాలో ఇది రెండు శాతం చిల్లర. ప్రపంచ జనాభాలో 16 శాతం అంటున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కతో పోల్చి చూస్తే, మన లెక్కలో పడనివాళ్లు ఎందరో అర్థమవుతుంది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, 2016 చట్టం 21 రకాలను గుర్తించి ఉద్యోగాల్లో రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచింది.

కాగితం మీది హక్కుకు గుమ్మం దాటడానికి ఇప్పటికీ కోర్టు కావాల్సి వస్తోంది. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా అంధుడు కాబట్టి ఇంటర్‌లో సైన్సు చదవకూడదన్నారు. కోర్టుకెళ్లి గెలిచి చదివాడు. అమెరికాలో ఎంఐటీ నుంచి తిరిగొచ్చి హైదరాబాద్‌లో పరిశ్రమ పెట్టి ఎందరికో ఉపాధి ఇచ్చాడు. కోర్టు దాకా వెళ్లలేక చదువు వదిలేసిన పిల్లలు ప్రతి జిల్లాలోనూ ఉంటారు, వాళ్ల మీద సినిమాలు రావు. ప్రభుత్వ భవనాల ర్యాంపుల సంగతి రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చినప్పుడు, క్షేత్రస్థాయి పరిస్థితి చూసి చెప్పమని హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదిక ఆధారంగా 2024 నవంబరు 8న తీర్పిచ్చింది. కేంద్రం రాసుకున్న నిబంధన సలహాలా ఉందే తప్ప తప్పనిసరి కాదనీ, అది మూలచట్టానికి విరుద్ధమనీ కొట్టేసింది. మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయమంది. ర్యాంపు కట్టాలా వద్దా అన్నది ఇక ఆఫీసరు దయ మీద ఆధారపడకూడదన్నమాట.

ఇంత జరిగాక కూడా ఏథెన్స్ దుకాణదారు అడిగిన ప్రశ్న మిగిలే ఉంది. కుష్ఠురోగికి మున్సిపల్ పదవి తగదన్న ఒడిశా చట్టాన్ని 2008లో మన సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటికే ఆ రోగం మందులతో నయమవుతోంది. ఇలాంటి నిబంధన ఇంకా ఉండాలా అని శాసనసభ ఆలోచించాలని తీర్పులోనే చెప్పింది గానీ, ఎన్నికైన మనిషి పదవి మాత్రం పోయింది. ఊతకర్రల మీదే నడుస్తూ పార్లమెంటులో దశాబ్దాలు గొంతు వినిపించిన మన సూదిని జైపాల్ రెడ్డి లాంటివాళ్లు ఒకరిద్దరు వచ్చారు గానీ, చట్టసభల్లో వికలాంగులకు ప్రత్యేక స్థానం ఏదీ లేదు. ఛత్తీస్‌గఢ్ పంచాయతీల్లో వికలాంగులను సభ్యులుగా నియమించే ఏర్పాటు చేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ అన్ని స్థానిక సంస్థల్లోనూ వికలాంగ సభ్యులు ఉండేలా బిల్లులు ఆమోదించింది. పింఛను మొత్తం మీద ఎన్నికలకోసారి పోటీపడే మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ పని కూడా చెయ్యాలి. సదరం శిబిరం ఏ అంతస్తులో పెట్టాలి, పంచాయతీ ఆఫీసుకు ఎన్ని మెట్లుండాలి, బడిలో సంజ్ఞా భాష వచ్చిన టీచరు ఉన్నారా లేదా అన్నవి తేల్చే చోట వాళ్లు కూర్చోవాలి.